కొడుకు కోసం మార్చుకున్న గొంతు

1983 చివర్లో అమెరికాలో ఒక రికార్డు కంపెనీ తన సొంత గాయకుడి మీదే దావా వేసింది. పాటలు ఇవ్వలేదని కాదు, ఇచ్చారు. గడువు తప్పారనీ కాదు. ఆయన ఇచ్చిన పాటలు ఆయన పాటల్లా లేవట. పాత రికార్డులతో పోలికే లేని సంగీతం చేసి తమను నష్టపరిచారంటూ 33 లక్షల డాలర్లు కట్టమంది. ఆ కంపెనీ గెఫెన్ రికార్డ్స్. ఆ గాయకుడు నీల్ యంగ్. తగాదాకు కారణమైన రెండు ఆల్బమ్‌లలో మొదటిది 'ట్రాన్స్'. ఈ పూట నా ప్రసంగం దాని గురించే.

రాక్ సంగీతంతో పెద్దగా పరిచయం లేని శ్రోతల కోసం ముందుగా నాలుగు మాటలు. నీల్ యంగ్ 1945లో కెనడాలోని టొరంటోలో పుట్టారు. ఐదేళ్ళ వయసులో పోలియో సోకితే బతికి బయటపడ్డారు. 1966లో లాస్ ఏంజిలిస్‌లో 'బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్' అనే బృందంలో గిటార్ వాయిస్తూ, పాటలు రాస్తూ పేరు తెచ్చుకున్నారు. తర్వాత క్రాస్‌బీ, స్టిల్స్, నాష్ అనే గాయకులతో జట్టు కట్టారు. మరో పక్క సొంత రికార్డులు చేస్తూనే ఉన్నారు. 1972లో వచ్చిన 'హార్వెస్ట్' ఆ ఏడాది అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన ఆల్బమ్. అందులోని 'హార్ట్ ఆఫ్ గోల్డ్' అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది. గిటారు, మౌతార్గాన్, వాటి మధ్య సన్నగా, పైస్థాయిలో కాస్త వణుకుతూ వినిపించే గొంతు. సంగీతం మాస్టారెవరైనా వింటే దిద్దాలనిపించే గొంతే. కానీ ఒక్కసారి విన్నవాళ్ళు మళ్ళీ ఎక్కడ విన్నా పోల్చుకుంటారు.

దారి మార్చడం ఆయనకు కొత్త కాదు. 'హార్ట్ ఆఫ్ గోల్డ్' తనను నడిరోడ్డు మీదకి తెచ్చిందనీ, అక్కడ ప్రయాణం త్వరలోనే విసుగనిపించి పక్కనున్న గుంతలోకి బండి తిప్పాననీ 1977లో 'డెకేడ్' అనే సంకలనంలో ఆయనే రాసుకున్నారు. అన్నట్టుగానే 1970లలో మద్యం, మరణాలు, మత్తుమందులతో పోయిన స్నేహితుల గురించి గరుకైన, తడబడే రికార్డులు చేశారు. అభిమానులు వాటినీ ఒప్పుకున్నారు. వాద్యం ఏదైనా, వరస ఏదైనా ఆ గొంతు వాళ్ళకు తెలిసిన గొంతే కాబట్టి. 'ట్రాన్స్'లో ఆయన తీసేసింది సరిగ్గా దాన్నే.

1982 డిసెంబరు చివర్లో ఈ ఆల్బమ్ విడుదలైంది. ఆ రోజుల్లోనే 'టైమ్' పత్రిక ఏటా ఆ ఏటి మేటి మనిషికిచ్చే ముఖచిత్రాన్ని ఆసారి కంప్యూటర్‌కి ఇచ్చింది. అభిమానులు కొత్త రికార్డు తెచ్చుకుని సూది పెడితే, మొదటి పాట మామూలుగానే సాగింది. గిటార్లు, డ్రమ్ములు, ఒక చిన్న ప్రేమపాట. రెండో పాట 'కంప్యూటర్ ఏజ్'. అక్కడి నుంచి నీల్ యంగ్ కనిపించరు. ఎవరో, ఏదో, లోహంలోంచి మాట్లాడుతున్నట్టు పాడుతుంది. మాటలు సగం అందుతాయి, సగం అందవు. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1981లో 'కంప్యూటర్ వరల్డ్' అనే రికార్డు చేసింది. యంగ్ దాన్ని శ్రద్ధగా విన్నారు. అయితే క్రాఫ్ట్‌వెర్క్ యంత్రంలా పాడితే ముచ్చటపడినవాళ్ళే నీల్ యంగ్ అలా పాడితే మోసపోయామనుకున్నారు.

ఆ గొంతుని అలా మార్చిన యంత్రం పేరు వోకోడర్. దాని సంగతి కాస్త చెప్పుకోవాలి. 1930లలో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ అనే ఇంజినీరు దీన్ని రూపొందించారు. పాటల కోసం కాదు, టెలిఫోన్ తీగల మీద మాటల్ని తక్కువ చోటులో పంపడం కోసం. మనిషి మాటని ఇది రకరకాల జల్లెళ్ళ వరస మీద పోసినట్టు, కింది స్థాయి నుంచి పైస్థాయి దాకా పాయలు పాయలుగా విడదీస్తుంది. ఏ పాయలో ఏ క్షణాన ఎంత బలం ఉందో కొలుస్తుంది. ఆ కొలతల్ని తీసుకుపోయి వేరే నాదానికి, అంటే ఈ రికార్డులో సింథసైజర్ ధ్వనికి, తొడుగుతుంది. అచ్చుల తేడాలు, హల్లుల విరుపులు చాలామటుకు ఇటు దాటి వస్తాయి. శ్రుతి మాత్రం గాయకుడిది కాదు, కీబోర్డు మీద ఏ మెట్టు నొక్కితే ఆ మెట్టుది. వణుకు పోతుంది, ఊపిరి పోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో వాషింగ్టన్‌కీ లండన్‌కీ మధ్య రహస్య సంభాషణలు నడిచిన వ్యవస్థకు ఈ యంత్రమే పునాది. శత్రువు విన్నా అర్థం కాకూడదు, అవతల ఉన్న ఒక్కరికి మాత్రం అర్థం కావాలి. ఈ పని గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

యంగ్ వాడింది సెన్‌హైజర్ కంపెనీ వోకోడర్. అన్నట్టు, కంప్యూటర్ల గురించి ఇంత హడావుడి చేసిన ఈ రికార్డులో ఆ గొంతుని మార్చిన యంత్రం డిజిటల్ కాదు, అచ్చమైన అనలాగ్. తర్వాతి కాలంలో డిజిటల్ శబ్దం సంగీతాన్ని చంపేస్తోందని పోట్లాడి, 'పోనో' అనే సొంత మ్యూజిక్ ప్లేయర్ కూడా తెచ్చిన మనిషి ఈయనే. పరస్పరం పొసగని పనులు చేయడంలో ఆయనకు మొహమాటం లేదు.

ఇక అసలు విషయం. 1978 నవంబరులో నీల్, పెగి దంపతులకు బెన్ పుట్టాడు. పిల్లవాడికి సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో ఉండవు, మాట రాదు. యంగ్ మొదటి కొడుకు జీక్‌కి కూడా అదే జబ్బు, కాస్త తక్కువ స్థాయిలో. ఇద్దరి తల్లులూ వేరు. ఇది కేవలం యాదృచ్ఛికమని డాక్టర్లు చెప్పారు.

1980 ప్రాంతంలో ఆ దంపతులు ఫిలడెల్ఫియాలోని ఒక సంస్థ నేర్పిన కఠినమైన శిక్షణ పద్ధతిని బెన్ కోసం ఎత్తుకున్నారు. పిల్లవాడి చేతులూ కాళ్ళూ పట్టుకుని పాకినట్టుగా కదిలించాలి. అవే కదలికలు, మళ్ళీ మళ్ళీ, రోజంతా, వారం పొడుగునా. దాదాపు ఏడాదిన్నర ఇల్లు కదలకుండా అదే పని. ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1982లో ప్రకటించింది. ఆ తల్లిదండ్రులు అప్పటికే అలసిపోయి దాన్ని వదిలేశారు. ఆ కాలంలో సంగీతానికి మిగిలింది రోజుకు కొద్ది గంటలే. 1981లో వచ్చిన 'రియాక్టర్' ఆల్బమ్‌లో ఒకే తాళం గంటు పడినట్టు తిరగడానికి ఆ దినచర్యే కారణమని యంగ్ తర్వాత చెప్పారు. 'ట్రాన్స్'లోని వోకోడర్ పాటలు మొదలైంది కూడా ఆ రోజుల్లోనే, కాలిఫోర్నియాలో ఆయన పశువుల క్షేత్రంలో ఉన్న సొంత స్టూడియోలో.

అప్పట్లో ఇవేవీ బయటివాళ్ళకు తెలియవు. కొడుకు సంగతి ఆయన పత్రికలకు చెప్పలేదు. రికార్డు అట్ట మీదా రాయలేదు. ఏళ్ళ తర్వాత ఇంటర్వ్యూల్లో విప్పారు: ఈ పాటల్లో మాటలు మీకు అర్థం కావు, నా కొడుకు మాటలు నాకు అర్థం కావు, ఈ రికార్డు దాని గురించే అన్నది ఆ మాటల సారాంశం. ఆయన మనసులో ఒక వీడియో కూడా ఉందట. ఒక ఆసుపత్రి. యంత్రపు గొంతుల మనుషులంతా కలిసి ఒక చిన్న పిల్లవాడికి మీట నొక్కడం నేర్పుతుంటారు. దానికి కంపెనీ డబ్బు పెట్టలేదు.

ఇది తెలిశాక 'ట్రాన్స్' మీద చాలామంది అభిప్రాయం మార్చుకున్నారు. మంచిదే. కానీ నాకు అందులో ఒక చిక్కు కనిపిస్తుంది. తండ్రి బాధ తెలిసింది కాబట్టి రికార్డుని క్షమించేద్దాం అన్న ధోరణి అది. జాలి వేరు, వినడం వేరు. బెన్ కథ ఒక్క ముక్క కూడా తెలియకుండా వింటే ఈ పాటలు నిలబడతాయా? ఆ పరీక్ష పెట్టి చూడాలి.

'సాంపుల్ అండ్ హోల్డ్' తీసుకోండి. జుట్టు రంగు, కళ్ళ రంగు, ఎత్తు, బరువు చెప్పి ఒక యంత్రభాగస్వామిని ఆర్డరిచ్చే పాట. కింద నిజమైన డ్రమ్ములు రాతి మీద సుత్తి దెబ్బల్లా పడుతుంటాయి, పైన రెండు మూడు వోకోడర్ గొంతులు ఒకదాని మీద ఒకటి పోటీ పడతాయి. మధ్యలో యంగ్ గిటారు అందరూ ఎరిగిన తన పాత కర్కశత్వంతోనే లేస్తుంది. ఆ గొడవలో ఎవరు ఆర్డరిస్తున్నారో, ఎవరు సరుకో తెలియదు. ఇది 1982లోనే నవ్వించే పాట, ఇవాళ ఇంకా ఎక్కువ నవ్విస్తుంది, కొంచెం భయపెడుతుంది. 'కంప్యూటర్ కౌబాయ్' కూడా అంతే. పగలు కంప్యూటర్‌తో పశువుల మంద కాసేవాడు రాత్రిపూట కంప్యూటర్ వ్యవస్థల్లోకి దొంగతనంగా దూరతాడు. హ్యాకర్ అన్న మాట సామాన్యులకింకా అలవాటు కాని రోజుల్లో రాసిన పాట. 'వి ఆర్ ఇన్ కంట్రోల్' అన్నిటిలోకీ పలచన. యంత్రాలు ట్రాఫిక్ దీపాల నుంచి అన్నీ మేమే నడుపుతున్నామని ప్రకటిస్తాయి, అంతకు మించి అందులో ఏమీ లేదు. దానికి బెన్‌తో సంబంధం కలపాలని చూసేవాళ్ళు అనవసరంగా శ్రమపడుతున్నారు.

'మిస్టర్ సోల్' నాకు బాగా నచ్చిన వింత. ఇది 1967 నాటి పాట. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉండగా, కొత్తగా వచ్చిన పేరు తనను ఏం చేస్తోందో అని ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు రాసుకున్నది. పదిహేనేళ్ళ తర్వాత దాన్నే తెచ్చి వోకోడర్‌లో పోశారు. 1982లో ఐరోపా పర్యటనకి వెళ్ళినప్పుడు, నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ బాస్ గిటారిస్టు బ్రూస్ పామర్‌నే వెంటబెట్టుకున్నారు. గొంతు మారితే మనిషి మారతాడా అని అడగడానికి ఇంతకంటే మంచి పాట ఆయన దగ్గర లేదు. అందరికీ తెలిసిన పాటని తెలియని గొంతుతో పాడితే, పోయిందేమిటో, ఉన్నదేమిటో ఎవరికి వాళ్ళు తూచి చూసుకోవచ్చు. నా తూకంలో రాగానికి ఏమీ కాలేదు, అహంకారం మాత్రం దిగిపోయింది.

ఇక 'ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్'. మూడున్నర నిమిషాల లోపు పాట. ఇందులో వోకోడర్ గొంతు పైస్థాయిలో, పసివాడి గొంతులా సన్నగా తేలుతుంది. మీటల గురించి, ఆజ్ఞల గురించి, ఎదుటివాడి కళ్ళలో కనిపించే వెలుగు గురించి పాట. కథ తెలియనివాళ్ళకి ఇది రోబోకి పాడిన లాలిపాటలా వినిపిస్తుంది, అదే విచిత్రం. మిగతా పాటల్లో యంత్రం మనిషిని భయపెడుతుంది, ఇక్కడ మనిషి యంత్రాన్ని బతిమాలుతున్నాడు. ఏదో ప్రేమ ఉందని పోల్చుకోవడానికి బెన్ పేరు తెలియనక్కర్లేదు. పేరు తెలిశాక ఇంకొకటి తెలుస్తుంది. బెన్‌కి బొమ్మరైళ్ళంటే ప్రాణం. ఒక మీట నొక్కి రైలుని నడపడం ఆ పిల్లవాడు తన ఇష్టప్రకారం చేయగల పని. ఆ మీట కోసం పడిన తంటా యంగ్‌ని 1990లలో లియొనెల్ అనే బొమ్మరైళ్ళ కంపెనీలో భాగస్వామిగా చేసేదాకా తీసుకుపోయింది. రైళ్ళని దూరం నుంచి నడిపే రిమోట్ వ్యవస్థని తయారుచేయించారు.

వోకోడర్ ఎందుకన్న ప్రశ్నకి నాకు దొరికిన సమాధానం ఇది. కొడుకు గురించి తన మామూలు గొంతుతో ఆయన ఒక కన్నీటి పాట పాడి ఉండొచ్చు. 'హార్వెస్ట్' నాటి అభిమానులు ఎంతో సంతోషించేవాళ్ళు. అప్పుడు మనం ఓదార్చేవాళ్ళం, ఆయన ఓదార్పు పొందేవారు, అబ్బాయి పక్కన ఉండిపోయేవాడు. అలా చేయకుండా తానే మాట తెలియని గొంతులోకి వెళ్ళి కూర్చున్నారు. మనల్ని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఇప్పుడు చెవులు రిక్కించుకుని, ఏమంటున్నాడో, ఏమంటున్నాడో అని తంటాలు పడాల్సింది మనం. యుద్ధకాలపు వోకోడర్‌కి అవతల ఒక్కరు ఉండేవారని ఇందాక చెప్పాను. ఈ రికార్డుకి అవతల ఉన్నది నాలుగేళ్ళ పిల్లవాడు. పాత నీల్ యంగ్‌లా లేదన్న కంపెనీ ఫిర్యాదు అక్షరాలా నిజం. ఆ పోలికని పారేయడానికే ఆయన అంత శ్రమపడ్డారు.

మరి లోపాలు లేవా? ఉన్నాయి, చిన్నవి కావు. గెఫెన్‌తో ఒప్పందం అయ్యాక యంగ్ హవాయిలో వేరే తరహా పాటలు రికార్డు చేశారు. 'ఐలాండ్ ఇన్ ద సన్' అనే ఆల్బమ్‌గా ఇవ్వబోతే కంపెనీ ఒప్పుకోలేదు. అప్పుడు వాటిలో మూడిటిని తీసి ఈ వోకోడర్ పాటల మధ్య ఇరికించారు. మొదటి పాట 'లిటిల్ థింగ్ కాల్డ్ లవ్', మధ్యలో 'హోల్డ్ ఆన్ టు యువర్ లవ్', చివర దాదాపు పది నిమిషాల 'లైక్ ఏన్ ఇంకా'. విడిగా వింటే చెడ్డవి కావు. మూడోది వేదిక మీద మంచి ఊపు తెచ్చే పాట. ఇక్కడ మాత్రం అవి అద్దెకొచ్చినవాళ్ళలా ఉంటాయి. కథ నడుస్తుండగా తలుపు తీసుకుని వచ్చి వేరే కబుర్లు చెప్పి పోతాయి. తొందర ఎంతంటే, ఆఖరి నిమిషంలో తీసేసిన ఒక పాట మాటలు అచ్చు కాగితం మీద అలాగే ఉండిపోయాయి. ఆల్బమ్ అమెరికా పట్టికలో 19వ స్థానం దగ్గర ఆగింది. నన్నడిగితే ఈ రికార్డుని ముంచింది వోకోడర్ కాదు, ఆ యంత్రం పక్కన భరోసా కోసం పెట్టిన మామూలు పాటలు. కొత్త దారిలో సగం దూరమే వెళ్ళినట్టు కనిపించింది.

దావా సంగతి త్వరగా ముగిస్తాను. కంపెనీ అధిపతి డేవిడ్ గెఫెన్ ఒకప్పుడు యంగ్, క్రాస్‌బీ, స్టిల్స్, నాష్‌ల వ్యవహారాలు చూసిపెట్టిన పాత పరిచయస్తుడే. సంగీతం విషయంలో పూర్తి స్వేచ్ఛ అని చెప్పి తీసుకున్నారు. 'ట్రాన్స్' తర్వాత రాక్ అండ్ రోల్ కావాలని కంపెనీ అడిగితే యంగ్ 1950ల నాటి రాకబిల్లీ బాణీలో, అరగంట కూడా లేని 'ఎవ్రీబడీస్ రాకిన్' చేతిలో పెట్టారు. ఆ తర్వాతే కోర్టు. యంగ్ ఎదురు దావా వేశారు. చివరికి రాజీ పడ్డారు, గెఫెన్ క్షమాపణ చెప్పారు. 1988 నాటికి యంగ్ తన పాత కంపెనీ రిప్రైజ్‌కి తిరిగి వెళ్ళిపోయారు.

1989లో యంగ్ పాటలతో వేరే బృందాలు చేసిన నివాళి ఆల్బమ్‌లో న్యూయార్క్ బృందం సోనిక్ యూత్ ఎన్నుకున్నది 'కంప్యూటర్ ఏజ్'ని. ఆ తరం కుర్రాళ్ళకి అందులో మోసం కనిపించలేదు. 1997లో గొంతు శ్రుతిని సరిచేసే ఆటో-ట్యూన్ వచ్చింది, మరుసటి ఏడాది షేర్ అనే గాయని పాడిన 'బిలీవ్'తో ప్రపంచమంతా దాని రుచి తెలిసింది. ఇవాళ మన తెలుగు సినిమా పాటల రికార్డింగులో కూడా శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ మామూలు పనిముట్టు. అయితే దాన్ని ఎక్కువగా వాడేది లోపం కనపడకుండా చేయడానికి. 'ట్రాన్స్'లో యంత్రం ఉందన్న సంగతి దాచిపెట్టే ప్రయత్నమే లేదు.

ఆ నివాళి ఆల్బమ్ పేరు 'ద బ్రిడ్జ్'. బ్రిడ్జ్ స్కూల్ కోసం వచ్చింది. పెగి యంగ్ మరో ఇద్దరితో కలిసి 1986లో స్థాపించిన బడి అది. మాట రాని, శరీరం సహకరించని పిల్లలకి యంత్రాల సాయంతో, బొమ్మల పలకలతో, మీటలతో తమ మనసులో మాట చెప్పడం నేర్పుతుంది. దాని కోసం కాలిఫోర్నియాలో 1986 నుంచి 2016 దాకా నీల్, పెగి పెద్ద పెద్ద కళాకారులతో కచేరీలు నడిపారు. మొదటి కచేరీకి బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ వచ్చారు. వేదిక వెనుక వరసలో ఆ బడి పిల్లలు కూర్చునేవాళ్ళు. పెగి 2019 జనవరి ఒకటిన కన్నుమూశారు. బడి నడుస్తూనే ఉంది.

1993లో ఎంటీవీ 'అన్‌ప్లగ్డ్' కార్యక్రమంలో యంగ్ 'ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్'ని వోకోడర్ లేకుండా, తన సొంత గొంతుతో పాడారు. ఎంత అందమైన రాగమో అని జనం అప్పుడు ఆశ్చర్యపోయారు. 'ట్రాన్స్' గురించి మంచిగా రాసేవాళ్ళు చాలామంది ఈ రూపాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. యంత్రం తీసేస్తే చూడండి, లోపల ఎంత మంచి పాట ఉందో అంటారు. నేను ఒప్పుకోను. 1993 పాట వింటే ఒక తండ్రి తన కొడుకు గురించి మనకి చెబుతున్నట్టుంటుంది. 1982 పాటలో మనతో చెప్పడం లేదు, పిల్లవాడితో మాట్లాడుతున్నారు. నాకు అదే కావాలి.

ఆల్బమ్ దొరికితే, హవాయి పాటలు మూడూ పక్కన పెట్టి వినండి. మిగిలిన ఆరూ కలిపి అరగంట కూడా పట్టవు. మొదటిసారి వినేటప్పుడు పాటల మాటలున్న కాగితం మాత్రం తెరవకండి.